పద్నాలుగో ముద్ర

తొచికుబో
నవంబర్ 20, షోవా 38 (1963)

మసానో గారికి,

కొండమీద ఆకులన్నీ రాలిపోయాయి. మంచు ఇంకా పడలేదు గానీ తెల్లారేసరికి బకెట్లో నీళ్ళు గడ్డ కడుతున్నాయి. ఉరాత్సు సముద్రం పక్కన కాబట్టి మీకు అంత చలి ఉండదనుకుంటాను. మీరూ, ఎయిజో గారూ, మినోరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆరేళ్ళ తర్వాత రాస్తున్నాను. మీ చిరునామా కమిదా పోస్టాఫీసులో అడిగి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడు పని పడ్డాక రాయడం మర్యాద కాదని తెలుసు. అయినా పని మీదే రాస్తున్నాను.

ఏప్రిల్ నుంచి నకాసే స్టేషన్లో బండ్లు ఆపరట. ఎక్కేవాళ్ళు తక్కువని రైల్వేవాళ్ళు చెప్పారు. తొచికుబో వాళ్ళు ఇకమీద ఇషిబా వెళ్ళి ఎక్కాలి. ఇషిబాలో స్టేషన్ మాస్టరున్నాడు, గడియారముంది, పొయ్యి ఉంది. నకాసేలో మనవాళ్ళు వేసిన చెక్కల పాక తప్ప ఏమీ లేదు. ఆ సంగతి మేమూ ఒప్పుకుంటాం. కానీ నకాసేకి ముప్పావుగంట నడక. ఇషిబాకి నది వెంట రెండు గంటలు, మంచు పడితే ఆ కొండచరియ కింద నడవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా చికా గుర్తుండే ఉంటుంది. దానికిప్పుడు పదిహేనేళ్ళు. మార్చిలో కమిదా హైస్కూలు పరీక్ష రాస్తుంది. తప్పకుండా నెగ్గుతుందని మాస్టారు అంటున్నారు. నకాసేలో ఆరూ పన్నెండు బండి ఎక్కితే బడి వేళకి అందుతుంది. ఇషిబాలో ఎక్కాలంటే నాలుగింటికే ఇంట్లోంచి బయల్దేరాలి. ఆడపిల్లని చీకట్లో అలా పంపలేను. నకాసే ఉంటే చదువుతుంది, లేకపోతే లేదు. దారం మిల్లు మనిషి ఫిబ్రవరిలో ఆడపిల్లల్ని పనిలోకి తీసుకోవడానికి వస్తాడు. చికా నాన్న టోక్యోలో ఒలింపిక్స్ రోడ్ల పనికి వెళ్ళాడు, వసంతానికి గానీ రాడు. ఈ ఏడు పల్లె పెద్దరికం వంతు మా ఇంటికి వచ్చింది కాబట్టి ఆ పనీ నేనే చూస్తున్నాను.

రైల్వేకి విన్నపం పంపుతున్నాం. పల్లెలోని ఇళ్ళన్నీ సంతకానికి బదులు ఇంటి ముద్ర వెయ్యాలి, జనవరి 31 లోపల కమిదా పట్టణ కార్యాలయంలో ఇవ్వాలి. వాళ్ళ పుస్తకంలో తొచికుబోవి పద్నాలుగిళ్ళు. మీ ఇల్లు ఇంకా మీ పేరునే ఉంది, అడవిలో వాటా కూడా ఉంది. పదమూడు ముద్రలు పడ్డాయి. "పదమూడుతో పంపితే ఈ పల్లెలో ఏకమాట లేదని తేలిపోతుంది. అలాంటి కాగితం నేను పట్టుకెళ్ళనమ్మా," అన్నారు పెద్దాయన జింపాచి గారు.

కాగితం ఇందులో పెట్టాను. మీ చోటు పెన్సిలుతో గుర్తుపెట్టాను.

దయచేసి.

కనాయా ఫుకి

*

ఉరాత్సు
నవంబర్ 29

ఫుకి గారికి,

ఉత్తరం, కాగితం అందాయి. మేము కులాసా. ఎయిజోకి చేపముద్ద కార్ఖానాలో పని. నేనూ అక్కడే చేపలు కడుగుతాను. మినోరు ఐదో తరగతి.

నకాసే స్టేషనుతో మాకు పని లేదు. మేము వెళ్ళిపోయిన రోజు అక్కడ ఎక్కలేదు. తొచికుబోలో ఎవరు ఊరు విడిచినా, సైన్యానికైనా, పెళ్ళయి అత్తవారింటికైనా, మిల్లుకైనా, పల్లె పల్లెంతా నకాసే ప్లాట్‌ఫారం మీద నిలబడి సాగనంపుతుంది. ఎవరూ రాని ప్లాట్‌ఫారం మీద ముగ్గురం నిలబడటం ఎయిజోకి ఇష్టం లేకపోయింది. అందుకని ఇషిబా దాకా నడిచాం. మీరు రెండు గంటలంటున్నారు. పరుపు మూటలతో, ఐదేళ్ళ పిల్లాడితో మూడున్నర పట్టింది.

ఎందుకు వెళ్ళామో మీకు తెలుసు. అయినా రాస్తాను, ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాసినట్టు లేరు. పల్లె కబుర్లు రాసి తిప్పే కబురు పలక ఇంటినుంచి ఇంటికి చేతి నుంచి చేతికి ఇచ్చేదే గాని, గుమ్మంలో పెట్టిపోయేది కాదు. నెలకి రెండుసార్లు మా ఇంటికీ వచ్చేది. ఒక జూన్‌లో రావడం మానేసింది. తర్వాత మమ్మల్ని కాలవ పూడికకి పిలవలేదు. తర్వాత దణ్ణం పెడితే తిరిగి పెట్టడం మానేశారు. అలా వెలేసిన ఇంటికి కూడా నిప్పంటుకున్నా, చావొచ్చినా జనం వస్తారంటారు. మా ఇంట్లో రెండూ జరగలేదు.

ఏ తప్పుకో ఎవరూ చెప్పలేదు. అలాంటిది అడగకూడదు కాబట్టి మేమూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కారణం రాసి పంపండి. అది చదివాక ముద్ర వేస్తాం.

మీ అమ్మాయి సంగతి ఎయిజోకి చెప్పాను. "అయ్యో, చిన్నపిల్ల," అన్నాడు.

హోరి మసానో

*

తొచికుబో
డిసెంబర్ 10

మసానో గారికి,

ఐదో తారీకున మొదటి మంచు పడింది. మోకాలి లోతు. మీ ఇంటి కప్పు మీద కూడా పడింది. కుమాజీ గారు ఎవరూ అడక్కుండానే ఎక్కి తోసేశారు. ఏటా ఆయనే తోస్తారు. కప్పు కూలితే పక్కింటివాళ్ళకి ఇబ్బందని అంటారు.

మీరు అడిగిన కారణం కోసం ఇంటింటికీ వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట జింపాచి గారి ఇల్లు. ఆయన కుంపటి బల్ల దగ్గర కూర్చుని కొయ్యతో చెంచా చెక్కుతున్నారు. విషయం చెప్పగానే చెక్కడం ఆపేశారు.

"కారణమా? అది నన్నడుగుతావేంటమ్మా! ఆ ఏడు వానాకాలమంతా నేను నడుం నొప్పితో మంచం దిగలేదు. లేచేసరికి అంతా అయిపోయింది."

"అయిపోయిందని ఎవరు చెప్పారు మీకు?"

"చెప్పేదేముంది. ఎయిజో దణ్ణం పెట్టాడు, మా ఆవిడ తల తిప్పుకుంది. సరే, ఏదో తీర్మానం జరిగిందనుకున్నా. పెద్దవాణ్ణి, నాకు తెలీకుండా జరిగిందని పైకి అంటే బాగుంటుందా?"

తర్వాత ఒతోరా అవ్వ. అవ్వకి ఎనభై దాటాయి, చెవులు బొత్తిగా వినపడవు, అరిచి చెప్పాను.

"ఓసి పిచ్చిదానా, ఆరేళ్ళయ్యాక ఇప్పుడా అడగడం? అందరికీ తెలిసిందేగా!"

"ఏం తెలుసు అవ్వా?"

"అదే. అందరికీ తెలిసిందే."

"నీకు తెలుసా?"

"నాకెవరు చెప్తారే, చెవిటిదాన్ని!"

కుమాజీ గారు జింపాచి గారు చెప్పారనుకున్నారట. పైనింటి వాళ్ళు కుమాజీ గారు చెప్పారనుకున్నారట. చివరింటి ఆయన మరీ విచిత్రం. "కాలవ పూడికకి రాలేదుగా, అందుకే," అన్నాడు. పూడిక సంగతి కబురు పలక మీద రాశారనీ, అప్పటికే పలక మీ ఇంటికి రావడం లేదనీ చెప్పాను. "అవును సుమా," అని తల గోక్కున్నాడు.

కుమాజీ గారి భార్య తోమెని కూడా అడిగాను. ఆమె బియ్యం కడుగుతోంది. నా వంక చూసి మళ్ళీ బియ్యం కడుక్కుంది.

ఇవన్నీ పక్క గదిలోంచి వింటున్న చికా, "అంటే ఎవరికీ తెలీకుండానే అందరూ మాట్లాడ్డం మానేశారా అమ్మా?" అంది. చదువుకోమని చెప్పాను.

మీరు అడిగింది రాయలేకపోయాను. క్షమించండి. ఇంకా గడువుంది.

ఫుకి

*

ఉరాత్సు
డిసెంబర్ 19

ఫుకి గారికి,

మీ ఉత్తరం ఎయిజోకి చదివి వినిపించాను. అవ్వ మాటల దగ్గర నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

ఆయన దగ్గర తన తప్పుల పట్టీ ఒకటి ఉంది. కాగితం మీద కాదు. రోజూ ఐదింటికి వీధి స్నానశాలకి వెళ్తాడు, తిరిగొస్తూ ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటాడు. ఆరేళ్ళుగా ఇదే పని.

"ఉమ్మడి అడవిలో ఒక దుంగ ఎక్కువ తెచ్చానేమో."

"అందరూ తెచ్చుకునేవాళ్ళేగా."

"పైనింటి పెళ్ళిలో జింపాచి గారు పాడుతుంటే నవ్వాను. అదేనేమో."

"ఆ పాటకి నవ్వనిదెవరు? పెళ్ళికూతురే నవ్వింది."

"నేను గట్టిగా నవ్వాను."

ఇక్కడ ఆయన ఎవరినీ చూసి గట్టిగా నవ్వడు. కార్ఖానాలో మంచివాడని పేరు. అందరికంటే ముందు వెళ్తాడు, అందరి చెప్పులూ వరసగా సర్దుతాడు. మేస్త్రీ నాతో, "మీ ఆయనకి మా ఊళ్ళో ఎవరితోనూ పేచీ లేదండీ, ఇలాంటి మనిషిని చూళ్ళేదు," అన్నాడు. ఆయన వెనకటి సంగతి మేస్త్రీకి తెలీదు. తొచికుబోలో ఉన్నప్పుడు ఎయిజో వారానికి ఒకరితోనైనా వాదన పెట్టుకునేవాడు. మీకు గుర్తుండే ఉంటుంది.

అన్నిటికంటే ఆయన నమ్మేది నది పక్క పొలం సంగతి. పల్లెతో చెప్పకుండా కరెంటు కంపెనీకి అమ్మాడు కదా. అందుకేనని ఆయన నమ్మకం.

నాకు మటుకు నమ్మకం లేదు. ఎందుకో ఇంకా కుదురుగా ఆలోచించలేదు. ఏడాది చివర కార్ఖానాలో తీరిక ఉండదు.

కప్పు మీద మంచు తోస్తున్నారని ఇప్పుడే తెలిసింది. కుమాజీ గారికి చెప్పండి. ఏం చెప్పాలో నాకు తెలీదు, ఏదో ఒకటి చెప్పండి.

చికా లెక్కల్లో ఎలా ఉంది? పరీక్షలో లెక్కలే కష్టమని ఇక్కడివాళ్ళు అంటారు.

మసానో

*

తొచికుబో
జనవరి 4, షోవా 39

మసానో గారికి, ఎయిజో గారికి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. నిరుడు మీరు చూపిన దయకు కృతజ్ఞతలు.

మొన్న రెండో తారీకున కొత్త ఏటి కూటం జరిగింది. మీ ఉత్తరంలో పొలం సంగతి నేను చదివి వినిపించాను. తర్వాత జింపాచి గారు గొంతు సవరించుకున్నారు.

"నది పక్క పొలం. అవునవును. అదే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది," అన్నారు పైనింటాయన.

"కాక ఇంకేముంటుంది," అన్నారు కుమాజీ గారు.

"మరైతే క్షమించేద్దామా?"

"క్షమించేద్దాం."

అంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. కారణం దొరికినందుకు అందరి మొహాలూ తేటపడ్డాయి. ఒతోరా అవ్వ ఏమైందని అడిగితే ఎవరో చెవిలో అరిచారు. "నేను చెప్పలా, అందరికీ తెలిసిందేనని!" అంది. ఆ తర్వాత మోచీ బియ్యపు ముద్దలు కాల్చుకు తిన్నాం.

హోరి ఎయిజో గారు నది పక్క పొలం అమ్మిన తప్పును పల్లె క్షమించిందని కాగితం రాశారు. పదమూడు ముద్రలు వేశారు. ఇందులో పెట్టాను. మా ఇంటి ముద్ర చివర్న ఉంది.

మీరు అడిగిన కారణం ఇప్పుడు రాతలో మీ దగ్గర ఉంది కాబట్టి, విన్నపం మీద ముద్ర వేసి 31 లోపల చేరేలా పంపవలసిందిగా వేడుకుంటున్నాను. మంచు వల్ల టపా రెండు మూడు రోజులు ఆలస్యమవుతోంది.

చికా లెక్కల్లో పరవాలేదు. రోజూ చేస్తోంది.

ఫుకి

*

ఉరాత్సు
జనవరి 11

ఫుకీ,

ఆ కాగితం చూసి ఎయిజో చేతులు కడుక్కుని వచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని చదివాడు. "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు. దేవుడి అల్మారాలో పెట్టి, ముద్ర బిళ్ళ తీసుకురమ్మన్నాడు. తెస్తానని చెప్పి నా నడికట్టు మడతలో దాచాను. ఇంకా అక్కడే ఉంది.

పొలం అమ్మింది అక్టోబరులో. కబురు పలక ఆగింది జూన్‌లో.

జూన్ అని ఎలా చెప్పగలనంటే మినోరుకి తట్టు పోసింది ఆ నెలలోనే. పదకొండు రోజులు కిటికీలకి గుడ్డలు కట్టి వాడి పక్కనే కూర్చున్నాను. పలక వచ్చే రోజని నాకు గుర్తుంది. వాన పడుతోంది. గొడుగు మీద వాన చప్పుడు మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. పిల్లాడు దగ్గుతున్నాడు, వెంటనే లేవలేకపోయాను. లేచేలోగా ఆ చప్పుడు కుమాజీ ఇంటివైపు వెళ్ళిపోయింది. కిటికీ గుడ్డ తొలగించి చూశాను. నువ్వే. పలక అంగీ కింద పెట్టుకున్నావు.

పలక మా ఇంటికి వచ్చేది మీ ఇంటి నుంచి. మర్చిపోయావేమోనని ఇన్ని ఉత్తరాల్లోనూ చూశాను. ఆ ఒక్క ఇంటి సంగతి తప్ప అన్నిళ్ళ సంగతులూ రాశావు.

ఆరేళ్ళుగా నేను అనుకున్నది ఇది: పెద్దవాళ్ళెవరో నీచేత ఆ పని చేయించారు, చిన్నదానివి, ఇంటి కోడలివి, కాదనలేకపోయావు. ముందు నిన్ను పంపినందుకు నీమీద జాలిపడ్డాను కూడా.

ఆ పెద్దమనిషి పేరు రాయి. ఒక్క పేరు. ముద్ర బిళ్ళ నా దగ్గరుంది.

మసానో

*

తొచికుబో
జనవరి 17

మసానో అక్కా,

ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం పోయిన యోహేయ్ తాత పేరు రాద్దామనుకున్నాను. అప్పట్లో ఆయనే పెద్ద. పోయినవాడు కాదనడు, నువ్వు నమ్ముతావు, ముద్ర వస్తుంది. అలాగే రాశాను కూడా. అంటించాను. తపాలా బిళ్ళలు కొనడానికి వెళ్తూ దారిలో ఆగి, వెనక్కి వచ్చి, ఆ కవరు పొయ్యిలో వేశాను. యోహేయ్ తాత నీ పెళ్ళికి నీ పెట్టె మోశాడు. అది గుర్తొచ్చింది.

ఆ రోజు మీ గుమ్మం దాకా వచ్చాను. మినోరు దగ్గు వినపడింది. తట్టని తెలుసు. పిల్లాడి దగ్గర కూర్చున్నావు, నిన్ను లేపడమెందుకని ఇవ్వకుండా వెళ్ళానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. చికాకి అప్పటికి తట్టు పోయలేదు. నీ చేతికి పలకిస్తే, నీ చెయ్యి తగిలితే, నేను అది ఇంటికి పట్టుకెళ్తానని భయం వేసింది. తట్టు అలా అంటదని తర్వాత మాస్టారు చెప్పారు.

పలక తోమెకి ఇచ్చాను. ఆమె మీ ఇంటివైపు చూసి, నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ అలాగే ఇచ్చాను, వాడు ఇంకా బయటికి రావడం లేదు కదా అని. మూడోసారి తోమె, "ఇంక అటు ఇవ్వక్కర్లేదు కదా?" అంది. నేను "ఊఁ" అన్నాను. వాడు ఇంకా తేరుకోలేదు, ఈసారికి అక్కర్లేదనే అర్థంతో అన్నాను. అనగానే ఆమె ఎలా తీసుకుందో మొహంలో కనిపించింది. అప్పుడే కాదనాల్సింది. రెండు మాటలు. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది, నేను ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను.

కాలవ పూడిక రోజు ఎయిజో బావ రాలేదు. తెలియక రాలేదు. "తప్పు తెలుసు కాబట్టే మొహం చూపించలేదు," అని ఎవరో అన్నారు. అందరూ తలూపారు. నేను పార పట్టుకుని అక్కడే ఉన్నాను. అప్పటికి అది నా చేతిలో లేదనిపించింది. పల్లె తీర్మానమై కూర్చుంది. ఎవరి దగ్గరికి వెళ్ళి తప్పని చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే తీర్మానం చేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకొకటి. మీరు వెళ్ళిన రోజు నేను నకాసే వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. మొదటి బండి, తొమ్మిదింటి బండి, మధ్యాహ్నం బండి చూశాను. మీరు రాలేదు. ఇషిబాలో ఎక్కారని మర్నాడు టపా మనిషి చెప్పాడు. నువ్వు వచ్చి ఉంటే నీతో చెప్పేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్పేదాన్నని అనిపించదు.

అప్పుడు చికా కోసం చేశాను. ఇప్పుడు చికా కోసమే నిన్ను ముద్ర అడుగుతున్నాను. ఇది రాశాక అడిగే మొహం లేదు. అయినా అడగడం మానలేదు, చూశావుగా. దారం మిల్లు కాగితాలు తెప్పించి పెట్టాను. నువ్వు వెయ్యకపోతే వాటి మీద మా ముద్ర వేస్తాను, నా వల్లేనని చికాకి చెప్తాను.

ఫుకి

*

ఉరాత్సు
జనవరి 26

ఫుకీ,

నీ ఉత్తరం కార్ఖానాకే వచ్చింది. భోజనాల వేళ నిలబడి చదివాను. చదివి చేపలు కడగడానికి వెళ్ళాను.

రెండు రోజులు ఎయిజోకి చెప్పలేదు. మూడో రోజు చెప్పాను. ఆయన స్నానానికి బయల్దేరుతున్నాడు, భుజం మీద తువ్వాలుంది.

"తప్పేమీ లేదట," అన్నాను.

"క్షమించారుగా, ఇంకెందుకు ఆ మాట?"

"క్షమించడానికే ఏమీ లేదట. మినోరుకి తట్టని ఫుకి పలక ఇవ్వకుండా దాటిపోయింది. మిగతావాళ్ళు అది చూసి మానేశారు."

"జింపాచి గారు?"

"ఆయనకి నడుం నొప్పి."

"ఎవరికీ కోపం లేదా?"

"లేదు."

"ఒక్కరికి కూడా?"

"లేదంటున్నాగా."

వెళ్ళాడు. గంట తర్వాత వచ్చాడు. తువ్వాలు పొడిగా ఉంది.

పదమూడిళ్ళ కోపాన్ని మొయ్యడం మేము నేర్చుకున్నాం. దానికి తగ్గట్టు ఆయన మారాడు, నేను మారాను, పిల్లాడికి కూడా నేర్పాం. కోపమే లేదంటే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నువ్వు ఇంకొకరి పేరు రాసి ఉంటే సుఖంగా ఉండేది. నువ్వు రాయనందుకు నిన్ను మెచ్చుకోలేను. రాసి ఉంటే ఎప్పటికైనా తెలిసేది, అప్పుడు నీతో మాట ఉండేది కాదు. ఇప్పుడు ఉందని కూడా అనడం లేదు.

విన్నపం ఇందులో ఉంది. బిళ్ళ నేను తీసి బల్ల మీద పెట్టాను. ఎయిజోని అడగలేదు. ఆయన చాలాసేపు చూసి, "ఆ పిల్ల ఏం చేసింది?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదు. దానికి తట్టు కూడా పోయలేదు," అన్నాను.

వేశాడు. గట్టిగా నొక్కాడు, అంచు దగ్గర కాగితం కొంచెం చిరిగింది. చెల్లదంటే చెప్పు, గడువు లోపల నేనే కమిదా వచ్చి కార్యాలయంలో వేస్తాను. క్షమించిన కాగితం తిప్పి పంపుతున్నాను. మాకు అక్కర్లేదు.

ఒక మాట. ఇది ఎవరికీ చెప్పకు. జింపాచి గారికీ వద్దు, తోమెకీ వద్దు. నిన్ను కాపాడటానికి కాదు. తెలిస్తే అందరూ వస్తారు. ఒకరి తర్వాత ఒకరు, గుడ్డలో ఏదో చుట్టుకుని, ఈ రెండు గదుల ఇంటి గుమ్మంలో తల నేలకి ఆనించి కూర్చుంటారు. నేను టీ పెట్టాలి. ఫరవాలేదు, పోనివ్వండి అనాలి. పదమూడుసార్లు అనాలి. నేను అనలేను. కాబట్టి అది నీ దగ్గరే ఉండనీ.

నువ్వు రావాలనుకుంటే రా. టీ పెట్టను.

మసానో

*

తొచికుబో
ఏప్రిల్ 14

మసానో అక్కా,

నకాసేలో బండి ఆగుతోంది. మూడేళ్ళు చూసి మళ్ళీ ఆలోచిస్తామని రైల్వేవాళ్ళు రాశారు. చికాకి మూడేళ్ళు చాలు. ఎనిమిదో తారీకు నుంచి వెళ్తోంది. చిరిగిన అంచు గురించి కార్యాలయంలో ఎవరూ అడగలేదు.

ఎవరికీ చెప్పలేదు. రైల్వే ఉత్తరం వచ్చాక కూటంలో అందరూ మీ గురించే మాట్లాడారు. "పొలం సంగతి మనం మర్చిపోయాం, వాళ్ళూ మర్చిపోయారు. పెద్దమనసు," అన్నారు జింపాచి గారు. "అటూ ఇటూ సరిపోయింది," అన్నారు పైనింటాయన. నన్ను కూడా పొగిడారు, ఆడదై ఉండి పద్నాలుగిళ్ళనీ ఏకం చేసిందని. వింటూ కూర్చున్నాను. తోమె ఒక్కతే పొగడలేదు. ఆమెతో ఎప్పటికైనా మాట్లాడాల్సి వస్తుంది, నువ్వు ఒప్పుకుంటే.

వచ్చే ఆదివారం నకాసేలో ఎనిమిదిన్నర బండి ఎక్కుతాను. ఒంటిగంటకి ఉరాత్సులో దిగుతాను. స్టేషనుకి రావద్దు, ఇల్లు అడిగి తెలుసుకుంటాను.

మీ ఇంటికి వెళ్తున్నానని తెలిసి కుమాజీ గారు అడవి కూరలు కట్టిస్తానన్నారు. ఒతోరా అవ్వ ఎండు పెర్సిమన్ పళ్ళ దండ తెచ్చి గుమ్మంలో నిలబడింది. వద్దన్నాను. ఏమీ పట్టుకెళ్ళడం లేదని ఆమె చెవిలో అరిచి చెప్పాను.

"ఆరేళ్ళ తర్వాత వెళ్తూ వట్టి చేతులతోనా? సిగ్గు లేదటే నీకు?" అంది అవ్వ.

ఉందని చెప్పాను.

ఫుకి